ఆడడానికి వచ్చేవారికి ఒక గది

సభాధ్యక్షులకు, వేదికను అలంకరించిన పెద్దలకు, పొద్దుటి నుంచి టెక్సస్ ఎండలో వాలీబాల్ ఆడి కూడా ఇంకా ఇళ్ళకు పోకుండా కూర్చున్న పిల్లలకు నమస్కారం. క్రీడలు, ఆరోగ్యం అనే అంశం మీద మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. ఆరోగ్యం గురించి చెప్పడానికి మన సంఘంలో డాక్టర్లకు కొదవ లేదు కనుక ఆ సగం వారికి వదిలేస్తాను. నేను ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చిన తొలి చలికాలంలో నాకు అలవాటై, ఇప్పటికీ వదలని రాకెట్‌బాల్ గురించి, అంటే నాలుగు గోడల గదిలో రాకెట్‌తో బంతిని గోడకు కొట్టి ఆడే ఆట గురించి, ఆ ఆట కోసం దేశాలు దాటి వచ్చేవారి గురించి మాట్లాడతాను. మీతో నాకొక పని కూడా ఉందని ముందే చెప్పేస్తున్నాను.

ఈ ఆట మీకు బొత్తిగా తెలియదని నేననుకోను. ఇక్కడ ఎం.ఎస్. చేసినవారిలో చాలామంది యూనివర్సిటీ వ్యాయామశాలలో ఆ గాజు తలుపుల ముందు నుంచి నడిచి వెళ్ళినవారే. కోర్టు 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు ఉంటుంది. స్క్వాష్‌లో పైకప్పుకు తగిలిన బంతి అవుట్ అయితే, ఇందులో నాలుగు గోడలతో పాటు పైకప్పు కూడా ఆటలో భాగమే. 1950లో కనెటికట్ రాష్ట్రంలోని గ్రీనిచ్‌లో జో సోబెక్ అనే ఆయన, బంతిని అరచేత్తో గోడకు కొట్టి ఆడే హ్యాండ్‌బాల్ కోర్టులో పొట్టి రాకెట్‌తో ఆడుకోవడానికి దీన్ని రూపొందించారు. 1981లో కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. చరిత్ర ఇంతటితో చాలు.

కొన్నేళ్ళ క్రితం మన ఊరి దగ్గర జరిగిన ఒక టోర్నీకి బొలీవియా నుంచి ముగ్గురు ఆటగాళ్ళు వచ్చారు. నిజానికి నలుగురు రావాలి, కానీ ఒకరికి వీసా రాలేదు. వారు కొచబాంబాలో బయలుదేరి, శాంటా క్రూజ్‌లో ఒక విమానం, మయామీలో మరొక విమానం మారి, అర్ధరాత్రి డాలస్‌లో దిగారు. టోర్నీ నిర్వాహకులు ఇచ్చే బహుమతి సొమ్ము, గెలిచినవారికి కూడా, ఆ టికెట్ల ఖర్చుకు అటూ ఇటూగా ఉంటుంది; మొదటి రౌండులో ఓడిపోయినవారి సంగతి ఇక అడగక్కరలేదు. అందుకే ఈ ఆటలో ఒక మంచి ఆచారం ఏర్పడింది. టోర్నీ జరిగే ఊళ్ళో ఆడేవాళ్ళు, చూసేవాళ్ళు తమ ఇళ్ళలో ఆటగాళ్ళకు చోటిస్తారు. ఆ ముగ్గురూ మా ఇంటికి వచ్చారు.

మర్నాడు ఉదయం నేను వంటింట్లోకి వెళ్ళేసరికి వారిలో ఒక అబ్బాయి గట్టు మీదున్న నా చిన్న సన్నికల్లును రెండు చేతులతో తడుముతూ నిలబడి ఉన్నాడు. వాళ్ళ ఊళ్ళో దాన్ని బతాన్ అంటారట. అతనికి వచ్చిన కాస్త ఇంగ్లీషుతో, నాకు వచ్చిన ఇంకా కాస్త స్పానిష్‌తో తేలిందేమిటంటే, బొలీవియాలో భోజనం బల్ల మీద ల్యాహ్వా లేని పూట ఉండదని. టమాటాలు, లొకోతో అనే గుండ్రటి ఘాటు మిరపకాయలు, ఒక ఘాటైన ఆకు కలిపి రాతి మీద నూరతారు. అది అచ్చంగా మన పచ్చి టమాటా రోటి పచ్చడి. లొకోతోలు దొరకవు కనుక సెరానో మిరపకాయలు, ఆకు బదులు కొత్తిమీర పెట్టుకుని ఆ అబ్బాయే కూర్చుని నూరాడు. మా వారు రుచి చూసి, పోపు ఎందుకు వేయలేదని అడిగారు. ఆ ప్రశ్నను స్పానిష్‌లోకి మార్చడం నా వల్ల కాలేదు. పోటీ జరిగిన మూడు రోజులూ మా ఇంట్లో అన్నంలోకి అదే.

మీరు నవ్వుతున్నారు. అయితే ఆ దేశం ఎలాంటిదో కూడా వినండి. 2019లో పెరూ రాజధాని లిమాలో, ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల దేశాలకు జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో బొలీవియాకు స్వర్ణ పతకం వచ్చింది. 1951 నుంచి జరుగుతున్న ఆ క్రీడల్లో ఆ దేశం గెలిచిన మొట్టమొదటి స్వర్ణం అదే. ఫుట్‌బాల్‌లోనూ కాదు, పరుగులోనూ కాదు, రాకెట్‌బాల్ పురుషుల టీమ్ విభాగంలో. ఆ జట్టులోని కాన్రాడో మొస్కోసోది సుక్రే నగరం. సముద్ర మట్టానికి దాదాపు 2,800 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది.

ఆ ఎత్తు గురించి కొంచెం చెప్పనివ్వండి, ఇది ఆడేవాళ్ళకే తెలిసే బాధ. న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో పెద్ద వయసు వారికి ప్రపంచ పోటీలు జరుగుతాయి. నేను వెళ్తూ ఉంటాను. ఆ ఊరు 5,000 అడుగులకు పైన ఉంటుంది. గాలి పలచన, బంతికి అడ్డు తక్కువ. ఇక్కడ మనం పైకప్పుకు కొట్టిన బంతి ముందు గోడకు తగిలి, నేల మీద లేచి, ఎదుటివారి వెనక మూలలో చచ్చిపోతుంది. అక్కడ అదే దెబ్బ వెనక గోడ దాకా పోయి, తిరిగి వచ్చి, ఎదుటి ఆమె నడుము ఎత్తున, చంపమన్నట్టుగా నిలుస్తుంది. ఇంట్లో ఎంత సాధన చేసి వెళ్ళినా మొదటి రోజంతా చేతికి కొత్త లెక్క నేర్పడానికే సరిపోతుంది. కనుక ముందుగా చేరుకోవాలి; ముందుగా చేరితే ఇంకో రెండు రాత్రుల బస ఖర్చు. హోటళ్ళలో దిగగలిగిన దేశాలవాళ్ళు ముందుగా వస్తారు, లేనివాళ్ళు ఆట రోజున దిగుతారు. స్కోరు బోర్డు మీద ఈ తేడా ఎవరికీ కనిపించదు.

ఇక తాజా సంగతులు. అంతర్జాతీయ పోటీల్లో స్కోరు పద్ధతి 2022లో మారింది. ఇంతకు ముందు సర్వీసు చేసేవారికే పాయింటు వచ్చేది. ఇప్పుడు ప్రతి ర్యాలీకీ ఎవరో ఒకరికి పాయింటు వస్తుంది, 11 పాయింట్ల గేములు, ఐదింట మూడు గెలవాలి. టెలివిజన్‌కు అనుకూలమని మార్చారు. పాత పద్ధతిలో వెనకబడినవాళ్ళు నిలదొక్కుకోవడానికి ఉన్న వ్యవధి ఇందులో లేదని నా అభిప్రాయం. నాతో ఆడే యువకులెవరూ దీన్ని ఒప్పుకోరు. ప్రపంచ పోటీలు 2024 ఆగస్టులో మన శాన్ ఆంటోనియోలోనే జరిగాయి. డాలస్ నుంచి కారులో ఐదు గంటల లోపు ప్రయాణం. అక్కడి గ్యాలరీలో స్పానిష్ కేకల మధ్య తెలుగు మాట కోసం చెవులు రిక్కించాను, వినపడలేదు.

నాకు కష్టం కలిగించిన వార్త అంతకు ముందు ఏడాదిది. 2023 అక్టోబరులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ముంబైలో సమావేశమై, 2028 లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్‌లోకి క్రికెట్‌ను, స్క్వాష్‌ను తీసుకుంది. క్రికెట్ వచ్చిందని మనమంతా మిఠాయిలు పంచుకున్నాం, నేనూ తిన్నాను. కానీ పుట్టిన దేశంలో జరిగే ఒలింపిక్స్‌లోనే రాకెట్‌బాల్‌కు చోటు లేదు. 2007లో రియోలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లోనూ దీన్ని పక్కన పెట్టారు. 2011, 2015, 2019 పాన్ అమెరికన్ క్రీడల్లో ఒక్కోసారి మూడేసి స్వర్ణాలు గెలిచిన మెక్సికో క్రీడాకారిణి పావోలా లొంగోరియాకు ఒలింపిక్ కోర్టులో అడుగుపెట్టే అవకాశం రాలేదు. ఒలింపిక్ ముద్ర లేకపోతే ప్రభుత్వ సొమ్ము రావడం కష్టం, సొమ్ము లేకపోతే ఆటగాడు తన విమానం టికెట్టు తానే కొనుక్కోవాలి. ఇక్కడి వ్యాయామశాలలు కూడా ఒక్కో కోర్టునూ పడగొట్టి బరువులెత్తే గదులుగా మారుస్తున్నాయి. నేను ఏళ్ళ తరబడి ఆడిన కోర్టులో ఇప్పుడు ట్రెడ్‌మిల్లులు వరుసగా నిలబడి ఉన్నాయి.

వీసా సంగతి మీకు నేను చెప్పాలా? హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ లేని రోజుల్లో మద్రాసు వెళ్ళి తెల్లవారకముందే వరుసలో నిలబడినవారు ఈ హాల్లో సగం మంది ఉన్నారు. ఇప్పటి మన పిల్లల్లో ఎందరో హెచ్-1బి మీద ఉండి, పాస్‌పోర్టులో స్టాంపు గడువు తీరిపోయినవారే. అలాంటివారికి ముప్పై రోజుల లోపు కెనడాకో మెక్సికోకో వెళ్ళి తిరిగి రావడానికి సాధారణంగా ఒక సడలింపు ఉంది. గ్వాటెమాలాకు వెళ్తే లేదు. మాతో ఆడే గుంటూరు కుర్రవాడు ఒకడు ఈ కారణంగానే అక్కడి టోర్నీ మానుకున్నాడు. ఆట బాగా వచ్చినవాడు. బొలీవియాలో ఆగిపోయిన ఆ నాలుగో ఆటగాడి బాధ మనకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది, చెప్పండి!

అందుకని నా పని ఇది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్ళాక, మన ఇళ్ళలో ఆ గది తలుపు వేసే ఉంటుంది. మంచం ఉంది, దుప్పట్లు ఉన్నాయి, పక్కనే స్నానాల గది కూడా ఉంది. వచ్చే టోర్నీకి దక్షిణ అమెరికా నుంచి ఆటగాళ్ళు వస్తున్నారు. మీ దగ్గర విరాళం అడగడం లేదు, గురువారం రాత్రి నుంచి ఆదివారం దాకా ఆ గదిని అడుగుతున్నాను. వారు మాంసం తింటారని సంకోచించేవారికి ఒక మాట: మా ఇంట్లో పప్పన్నం పెడితే ఎవరూ కంచం పక్కకు జరపలేదు. భాష రాదని భయపడవద్దు, మీ పిల్లలు బడిలో స్పానిష్ చదువుతున్నారు, వాళ్ళని మాట్లాడనివ్వండి.

తలుపు దగ్గర బల్ల మీద నోటు పుస్తకం ఉంచాను. పేరు, ఫోను నంబరు, ఎందరికి చోటివ్వగలరో రాయండి. ఇంట్లో కుక్క ఉంటే అది కూడా రాయండి. గది కింద ఉందో పైన ఉందో మాత్రం తప్పకుండా రాయాలి. ఒకే రోజు సింగిల్స్, డబుల్స్ రెండూ ఆడి వచ్చినవారిని నేను మెట్లు ఎక్కించలేను.