పైమట్టి మీద నాలుగు మాటలు
(గుంటూరులో గనుల సిబ్బంది, విద్యార్థుల సదస్సులో ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన క్వారీ మేనేజర్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. అందుకే ఇవాళ పులుల గురించి, నల్లమల గురించి మాట్లాడను. మీ చేతిలో ఉన్న ఒక్క విషయమే చెబుతాను. పైమట్టి.

సున్నపురాయి మీద ఉండే ఆ జానెడు మట్టి మీ లెక్కల్లో తీసి పక్కన పోయాల్సిన సరుకు. ముప్పై ఏళ్లు బోటనీ చెప్పినవాడిగా నాకది విత్తనాల పాతర.

ఆ మధ్య ఒక క్వారీ నుంచి రెండు సంచుల మట్టి తెచ్చుకున్నాను. ఒకటి ఆ వారమే గీకింది. రెండోది ఏళ్ల తరబడి రెండు నిలువుల ఎత్తున పోసి ఉంచిన కుప్ప అడుగుది. మా డాబా మీద రెండు ట్రేల్లో పోసి రోజూ నీళ్లు చల్లాను. మొదటి దాంట్లో తొమ్మిదో రోజుకి వెంపలి తల ఎత్తింది. తర్వాత తుత్తురబెండ, ఉత్తరేణి, రెండు మూడు రకాల గడ్డి. నెల తిరిగేసరికి పదకొండు రకాలు లెక్కపెట్టాను. రెండో ట్రేలో ఒకే ఒక్క గడ్డిపోచ, అదీ గాలికి వచ్చి పడిన గింజేమో. గాలాడని కుప్పలో విత్తనాలూ, వానపాములూ, వేళ్లకి సాయంచేసే శిలీంధ్రాలూ బతకవు. ఆ కుప్పకి ‘గ్రీన్ బెల్ట్ మట్టి’ అని, అంటే పచ్చదనం పెంచడానికి దాచిన మట్టి అని, బోర్డు పెట్టారు. చూసి చాలా బాధేసింది.

కాబట్టి గీకిన మట్టిని వీలైతే ఆ సీజన్లోనే, తవ్వకం అయిపోయిన చోట పరిచేయండి. ఆపక తప్పకపోతే కుప్ప నడుమెత్తు దాటనివ్వకండి, పైన వెంపలో జనుమో చల్లించండి. తడిమట్టి మీద టిప్పర్లు తిప్పొద్దని డ్రైవర్లకి మరీ మరీ చెప్పండి.

2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. తవ్విన నేలలో మళ్లీ గడ్డి పెంచాలి, అది మేతకీ మొక్కలకీ జీవాలకీ పనికొచ్చేలా ఉండాలి అనే షరతు మైనింగ్ లీజుల్లో చేర్చమంది. గడ్డి అన్నారు, గమనించండి. మన పల్నాడు నేల సహజంగా గడ్డీ పొదలూ కలిసిన నేల. పూరేడు పిట్ట గూడు పెట్టేది గడ్డి దుబ్బు మాటున, నీలగిరి చెట్ల వరసల కింద కాదు. సుబాబుల్, కోనోకార్పస్ మొక్కలు నాటి ఫొటోలు పంపితే పని అయిపోయినట్టు కాదు.

ఇంకో చిన్న సంగతి. పని ఆగిపోయిన క్వారీ గోడల అరుగుల మీద కొమ్ముల గుడ్లగూబ గుడ్లు పెడుతుంది. చుట్టుపక్కల చేలల్లో ఎలుకల్ని తినేది అదే. గోడ కూల్చే ముందు ఒకసారి కింద చూడండి. తెల్లటి రెట్ట మరకలు, ఎలుక బొచ్చుతో ముద్దకట్టిన ఉండలు కనిపిస్తే ఆ గోడని వదిలేయండి.

కొన్నిచోట్ల అసలు తవ్వకపోవడమే మార్గం. కొండపల్లి బొమ్మ చెక్కేది తెల్లపొణికి కర్రతో. దాని గింజ పెంకు గట్టిది, నర్సరీలో మొలిపించడం కష్టం. అలాంటి చెట్లున్న కొండని గ్రావెల్ కోసం తవ్వాక ఎంత డబ్బు కట్టినా ఆ చెట్లు తిరిగిరావు.

ఆ రెండు ట్రేలూ ఆటోలో తెచ్చాను, తలుపు పక్కన బల్ల మీదున్నాయి. భోజనానికి వెళ్లేటప్పుడు చూడండి. రెండో ట్రేకి ఇవాళ్టికీ నీళ్లు పోస్తూనే ఉన్నాను.