పైథాన్‌లో ఫోల్డర్ లిస్టింగ్: నాలుగు దారులు, ఒక్కోదానికి ఒక్కో మెలిక | రివ్యూ

నమస్తే అండీ. స్క్రీన్ మీద ఉన్న ఈ ఫోల్డర్ ఒకసారి చూడండి. ఒక పాత వారపత్రికను స్కాన్ చేసిన పేజీలివి. పేజీ1 నుంచి పేజీ120 దాకా జేపీజీ ఫైళ్లు, "పైఅట్ట" అనే ముఖచిత్రం, లోపల "ప్రకటనలు" అని ఇంకో ఫోల్డరు. పేర్లన్నీ తెలుగులోనే పెట్టాను, కారణం తర్వాత చెప్తాను. వీటన్నిటినీ వరసగా కలిపి పీడీఎఫ్ చెయ్యాలి. అంతకంటే ముందు ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో పైథాన్‌ని అడగాలి కదా, ఆ అడిగే పద్ధతుల మీదే ఈరోజు రివ్యూ.

అందరూ మొదట నేర్చుకునేది ఓఎస్ డాట్ లిస్ట్‌డిర్. ఫోల్డర్ పేరిస్తే లోపలున్న పేర్లన్నీ ఒక లిస్టుగా చేతిలో పెడుతుంది. ఉత్త పేర్లే సుమండీ, పూర్తి పాత్, అంటే ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామా, ఇవ్వదు. అందుకే కొత్తవాళ్లు ఆ పేరుతో నేరుగా ఫైల్ ఓపెన్ చెయ్యబోతే "ఫైల్ నాట్ ఫౌండ్" అని ఎర్రర్ వస్తుంది. ఫైల్ అక్కడే కళ్లముందు కనిపిస్తుంటుంది, ప్రోగ్రామేమో లేదంటుంది! పాత్ డాట్ జాయిన్‌తో ఫోల్డర్ పేరు ముందు తగిలిస్తే సరిపోతుంది. "ప్రకటనలు" ఫోల్డర్ పేరు కూడా ఫైళ్లతో కలిసే వస్తుంది, ఏది ఫైలో ఏది ఫోల్డరో మనమే విడిగా అడగాలి.

ఆ విడిగా అడగడంలోనే టైమ్ పోతుంది. నిజానికి పేర్లిచ్చేటప్పుడే చాలా ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఇది ఫైలు, ఇది ఫోల్డరు అని చెప్పేస్తాయి. లిస్ట్‌డిర్ ఆ సమాచారాన్ని పారేసి పేర్లు మాత్రమే ఉంచుకుంటుంది. దాన్ని పారెయ్యకుండా మనకిచ్చేదే స్కాన్‌డిర్. బెన్ హోయ్ట్ రాసిన పెప్ 471తో (పైథాన్‌లో మార్పులు కోరుతూ రాసే ప్రతిపాదనల్ని పెప్ అంటారు), 2015లో పైథాన్ 3.5లో వచ్చింది. సబ్‌ఫోల్డర్లన్నీ తిరిగొచ్చే ఓఎస్ డాట్ వాక్ అని ఒకటుంది, లోపల స్కాన్‌డిర్‌ని వాడితే అది విండోస్‌లో 8, 9 రెట్లు, లినక్స్ లాంటివాటిలో 2, 3 రెట్లు వేగంగా నడుస్తుందని ఆ ప్రతిపాదనలోనే రాశారు. మన 120 పేజీల ఫోల్డర్‌కి ఆ తేడా తెలియదు కానీ, లక్షల ఫైళ్లున్న చోట బాగా తెలుస్తుంది.

ఇక గ్లాబ్. "స్టార్ డాట్ జేపీజీ" అని ఒక నమూనా ఇస్తే దానికి సరిపోయేవే ఏరి ఇస్తుంది. వాడటానికి చాలా హాయిగా ఉంటుంది. మెలిక ఏంటంటే, కెమెరా ఎక్స్‌టెన్షన్‌ని, అంటే పేరు చివరుండే జేపీజీని, పెద్ద అక్షరాలతో పెట్టిందనుకోండి, విండోస్‌లో దొరికే ఫైలు లినక్స్‌లో దొరకదు.

సరే, అసలు విషయానికొద్దాం. ఇప్పటిదాకా చెప్పిన మూడింటిలో ఏదీ ఫైళ్లను ఫలానా వరసలో ఇస్తానని మాటివ్వదు. డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే రాసి ఉంటుంది, మనం చదవం, అంతే. డిస్క్ మీద ఫైళ్లను దాచే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. విండోస్‌లో వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పేర్ల వరసలోనే దాచుకుంటుంది కాబట్టి అక్కడ లిస్టు సాధారణంగా చక్కగా వస్తుంది. పాత మ్యాక్‌లలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ కూడా అంతే. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 మాత్రం పేరుని హ్యాష్ చేసి, అంటే లెక్కకట్టి ఒక అంకెగా మార్చి, ఆ అంకెల వరసలో పెట్టుకుంటుంది, అక్కడ పేజీ87 తర్వాత పేజీ3 వచ్చినా ఆశ్చర్యం లేదు.

దీనివల్ల కెమిస్ట్రీ పరిశోధనలో లెక్కలే తేడా వచ్చాయి. 2014లో నేచర్ ప్రోటోకాల్స్‌లో, అణువుల నిర్మాణం తెలుసుకునే ఎన్ఎమ్ఆర్ అనే పద్ధతి లెక్కల కోసం ఒక పైథాన్ స్క్రిప్టు వచ్చింది, విలౌబీ-హోయ్ స్క్రిప్టు అంటారు. గ్లాబ్ ఇచ్చిన ఫైళ్లు వరసలోనే ఉంటాయన్న నమ్మకం మీద రాసిన కోడ్ అది. 2019లో హవాయి యూనివర్సిటీవాళ్లు అదే డేటాతో వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద నడిపితే వేరే జవాబులొచ్చాయి. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, అంకె మాత్రం తేడా. లిస్టుని సార్ట్ చేస్తే సమస్య పోయింది.

కాబట్టి ఏది వాడినా దానిచుట్టూ "సార్టెడ్" పెట్టండి. పెట్టాక మన ఫోల్డర్ ఎలా వచ్చిందో స్క్రీన్ మీద చూడండి: పేజీ1, తర్వాత పేజీ10, పేజీ100, పేజీ101... పేజీ2 ఎక్కడో కిందకి పోయింది. పేర్లని అక్షరాలుగా పోల్చుతుంది కాబట్టి అంతే మరి. స్కాన్ చేసేటప్పుడే 001, 002 అని పేరు పెడితే గొడవే లేదు. ఇప్పటికే పెట్టేసుంటే, పేరులోంచి అంకెను బయటికి తీసి దాన్ని సార్ట్‌కి "కీ"గా ఇవ్వండి.

తెలుగు పేర్లు పెట్టింది ఇందుకే. ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో ఇది అంతగా కనిపించదు. మనం టైప్ చేసే ఐత్వం సాధారణంగా ఒకే యూనికోడ్ అక్షరం. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ మాత్రం దాన్ని రెండు ముక్కలు చేసి దాస్తుంది: ఒక ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు. చూడ్డానికి రెండూ "పైఅట్ట"లే, పైథాన్‌కి మాత్రం వేరువేరు పేర్లు. యూనికోడ్ వరసలో ఎత్వం, ఏత్వం, ఐత్వం ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. మామూలుగా సార్ట్ చేస్తే పేజీలన్నీ అయిపోయాక చివర్లో పైఅట్ట వస్తుంది. పాత మ్యాక్ డిస్క్ మీద అదే ఫైలు అన్నిటికంటే ముందొస్తుంది! యూనికోడ్‌డేటా మాడ్యూల్లో నార్మలైజ్ అని ఉంది, పేరుని ఎన్ఎఫ్‌సీకి, అంటే ఆ ముక్కల్ని మళ్లీ ఒకే అక్షరంగా కలిపిన రూపానికి, మార్చి అప్పుడు పోల్చండి.

మరి నా ఓటు దేనికంటే, పాత్‌లిబ్‌కి. ఆంట్వాన్ పిట్రూ ప్రతిపాదించగా 2014లో పైథాన్ 3.4తో వచ్చింది. పాత్ డాట్ ఇటర్‌డిర్ అంటే ఉత్త పేర్లు కాకుండా, పని తెలిసిన ఆబ్జెక్టులొస్తాయి. ఎక్స్‌టెన్షన్ కావాలంటే సఫిక్స్, దాన్ని చిన్న అక్షరాల్లోకి మారిస్తే ఇందాకటి కెమెరా గొడవ తీరిపోతుంది. ఫైలో కాదో ఈజ్ ఫైల్ చెప్తుంది. జాయిన్ అక్కర్లేదు, స్లాష్ గుర్తు పెడితే పాత్ కలిసిపోతుంది. వరస గ్యారంటీ మాత్రం దీనిక్కూడా లేదు, సార్టెడ్ తప్పదు. ఇంకో తిరకాసు: మామూలు గ్లాబ్, చుక్కతో మొదలయ్యే దాపుడు ఫైళ్లను స్టార్‌కి చూపించదు, పాత్‌లిబ్ గ్లాబ్ చూపిస్తుంది. పాత కోడ్ మార్చేటప్పుడు ఒకదాని బదులు ఇంకోటి పెట్టేస్తే, మ్యాక్ పెట్టే డాట్ డీఎస్ స్టోర్ లాంటి ఫైళ్లు కొత్తగా లిస్టులో దూరతాయి.

సబ్‌ఫోల్డర్లలోకి కూడా దిగాలంటే ఆర్‌గ్లాబ్ ఉంది. కానీ నోడ్ మాడ్యూల్స్, డాట్ గిట్ లాంటి భారీ ఫోల్డర్లున్న ప్రాజెక్టులో అది వాడకండి, అవసరం లేనివన్నీ కెలికి వస్తుంది. అక్కడ ఓఎస్ డాట్ వాకే మేలు. అది ఇచ్చే ఫోల్డర్ల లిస్టులోంచి వద్దనుకున్న పేరు తీసేస్తే, ఇక ఆ ఫోల్డర్‌లోకి అసలు దిగదు. పైథాన్ 3.12 నుంచి పాత్‌కీ సొంతంగా వాక్ ఉంది, ఈ తీసేసే కిటుకు అందులోనూ పనిచేస్తుంది.