ఎయిర్ బ్రష్ కి గాలి: ఫ్రిజ్ కంప్రెసరు, లారీ ట్యాంకు

అందరికీ నమస్కారం. హెల్మెట్ల మీద, బైక్ ట్యాంకుల మీద, బొమ్మల మీద పని చేసే పిల్లలు ఇంతమంది వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. మీలో కొందరు ఎయిర్ బ్రష్, అంటే గాలితో రంగు చల్లే పెన్నులాంటి చిన్న గన్, కొనుక్కున్నారు గానీ గాలి దగ్గర ఆగిపోయారని తెలుసు, అందుకే ఈ రోజు గాలి గురించే మాట్లాడతా.

అసలు ఎయిర్ బ్రష్ కి కావాల్సిన ప్రెషర్ చాలా తక్కువ. 0.2, 0.3 మిల్లీమీటర్ల నాజిల్ కి, అంటే రంగు బయటికొచ్చే మొనకి, 15 నుంచి 20 పీఎస్ఐ చాలు, రంగు కాస్త చిక్కగా ఉంటే 25, 30. కారు టైర్లో కొట్టే గాలి కూడా అంతే కదా. అందుకే కంప్రెసర్ లేకపోయినా కారు స్టెప్నీకి బంకులో గాలి కొట్టించుకొచ్చి దానికి ట్యూబు తగిలించి బొమ్మ వేసుకోవచ్చు, మూడు నాలుగు నిమిషాలు ఆపకుండా వస్తుంది, చెయ్యి తిప్పడం నేర్చుకోడానికి అది పనికొస్తుంది. కానీ రోజూ పని చేసుకునేవాళ్ళకి అది కుదరదు, వాళ్ళకి నేను చెప్పేది పాత ఫ్రిజ్ కంప్రెసరే.

అది పెద్దగా చప్పుడు చెయ్యదు, రాత్రి పదకొండింటికి వేసుకున్నా పక్కింటోళ్ళు ఏమీ అనరు. దొరకడం కూడా తేలికే. అయితే గొట్టాలు మీరే కొయ్యొద్దు. కొత్త ఫ్రిజ్ ల్లో వాడే ఆర్-600ఏ గ్యాస్ మండే గ్యాసు, కంప్రెసర్ మీద స్టిక్కర్ చూసి తెలుసుకోండి, ఏ గ్యాసైనా సరే మెకానిక్ తో పద్ధతిగా తీయించాకే ముందుకెళ్ళండి. రాగి గొట్టం కొయ్యడానికి హాక్సా వద్దు, ట్యూబ్ కట్టర్ వాడమనండి, రాగి పొడి లోపలికి పోతే కంప్రెసర్ పాడవుతుంది. మోటార్ ని స్టార్ట్ చేసే రిలే, మరీ వేడెక్కితే ఆపేసే ఓవర్ లోడ్, ఎర్తింగ్ తీసెయ్యకండి.

ఇంకోటి, ఫ్రిజ్ లో ఉన్నప్పుడు చల్లటి గ్యాస్ తిరిగొచ్చి మోటార్ ని చల్లబరుస్తుంది, మనం బయట గాలి పీల్పిస్తే ఆ చల్లదనం ఉండదు కాబట్టి తొందరగా వేడెక్కిపోతుంది, ఆపకుండా తిప్పకూడదు. గాలి నిలవ ఉంచే ట్యాంకు ఒకటి కావాలనేది సగం ఇందుకే, అది నిండాక కంప్రెసర్ కి రెస్ట్ దొరుకుతుంది, పైగా గాలి ఆగి ఆగి రాకుండా సమానంగా వస్తుంది, గీత కూడా సాఫీగా పడుతుంది.

ఇక ట్యాంకు. ఇక్కడ మాత్రం నా మాట గట్టిగా వినండి, మిగతా దేంట్లో అయినా డబ్బు మిగుల్చుకోండి గానీ ట్యాంకులో, సేఫ్టీ వాల్వులో మిగల్చకండి. గ్యాస్ బండ అసలు ముట్టుకోవద్దు, అది మీది కాదు కంపెనీది, లోపల మిగిలిన గ్యాసుతో వెల్డింగ్ పెడితే ప్రాణమే పోతుంది. పీవీసీ పైపుతో కూడా చెయ్యొద్దు, దాని మీద రాసిన ప్రెషర్ నీళ్ళకి, గాలి నింపితే పగిలినప్పుడు ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. లారీలకీ బస్సులకీ ఎయిర్ బ్రేక్ ట్యాంకులు ఉంటాయి చూడండి, అవి గాలి కోసమే చేసినవి, 8 బార్ దగ్గర పని చేస్తాయి (ఒక బార్ అంటే దాదాపు 14.5 పీఎస్ఐ), అడుగున నీళ్ళు వదిలే ప్లగ్ కూడా ఉంటుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాతవి వెతకండి, తుప్పు పట్టింది, వెల్డింగ్ అతుకు వేసింది వద్దు.

తెచ్చాక నేరుగా గాలి కొట్టకండి. ముందు గాలి బుడగ మిగలకుండా ట్యాంకు నిండా నీళ్ళు నింపి, ప్లంబర్ల దగ్గరుండే టెస్ట్ పంపుతో ఒత్తిడి పెంచండి, మనం వాడేది 4 బార్ అయితే 6 బార్ దాకా తీసుకెళ్ళి కాసేపు ఉంచండి, గేజ్ ముల్లు కిందికి దిగకూడదు. నీళ్ళు గాలిలాగా నొక్కుకోవు, అందుకే ట్యాంకు ఓడినా నీళ్ళు కారతాయంతే, పేలదు.

ప్రెషర్ స్విచ్ 4 బార్ దగ్గర ఆగేట్టు, 2 దగ్గర మళ్ళీ మొదలయ్యేట్టు పెట్టండి. అది పాడయితే? ఫ్రిజ్ కంప్రెసర్ 10 బార్ దాకా కూడా నెట్టగలదు, దానికి ఆపడం తెలీదు, అందుకే 5 బార్ కి తెరుచుకునే సేఫ్టీ వాల్వ్ ట్యాంకుకే నేరుగా ఉండాలి, మధ్యలో ఏ కుళాయీ ఉండకూడదు. కంప్రెసర్ కీ ట్యాంకుకీ మధ్య గాలి వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్, ఆగినప్పుడు గొట్టంలో గాలి వదిలేసే అన్ లోడర్ కావాలి, లేకపోతే ఎదురు ప్రెషర్ మీద మోటార్ స్టార్ట్ కాదు, మూలుగుతుంది.

మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. నొక్కిన గాలి వేడిగా ఉన్నంతసేపు నీరు ఆవిరిగానే ఉంటుంది, కాబట్టి గాలిలో నీటిని పట్టే మాయిశ్చర్ ట్రాప్ ని కంప్రెసర్ పక్కనే పెడితే ఏమీ పట్టదు. రాగి గొట్టం చుట్టలు చుట్టి బకెట్ నీళ్ళలో ముంచి ట్యాంకులోకి పంపండి, ట్రాప్, ట్యాంకు ప్రెషర్ ని బ్రష్ కి కావాల్సినంతకి తగ్గించే రెగ్యులేటర్ ట్యాంకు తర్వాత పెట్టండి, రోజూ పని అయ్యాక నీళ్ళు వదలండి. ఈ కంప్రెసర్లు కొద్దికొద్దిగా ఆయిల్ కూడా వదులుతాయి, అది రంగులో కలిస్తే ఫిష్ ఐ, అంటే రంగు మీద చేప కళ్ళలాంటి గుంటలు, పడి పనంతా పోతుంది, ఆయిల్ ఫిల్టర్ ఒకటి వేయించండి, తగ్గిన ఆయిల్ పోస్తుండండి.

ఆటో పెయింట్లు, ముఖ్యంగా హార్డెనర్ కలిపే 2కే రంగులు, ఇంట్లో కొట్టకండి, బట్ట మాస్కు వాటికి సరిపోదు. మొదలుపెట్టేవాళ్ళు నీళ్ళ అక్రిలిక్ తీసుకుని, పాల చిక్కదనంలో కలిపి, 20 పీఎస్ఐ పెట్టి పాత పేపర్ మీద చుక్కలు పెట్టండి, చుక్క చుట్టూ సాలీడు కాళ్ళు వస్తే రంగు పల్చన అయింది లేదా బ్రష్ మరీ దగ్గరగా ఉంది, గరుగ్గా పడితే ఇంకాస్త పల్చన చెయ్యండి. ఇక మీ ప్రశ్నలు అడగండి, ట్యాంకు ఫిట్టింగులన్నీ బల్ల మీద పెట్టా, దగ్గరికొచ్చి చూడండి.