టైమ్ టేబుల్‌కు అందని గంట

సభకు నమస్కారం.

విశాఖ ద్వారకానగర్‌లోని ఈ పౌర గ్రంథాలయంలో సాయంత్రం వేళ జరిగేవి ఎక్కువగా సాహిత్య సభలు. ఈరోజు ముందు వరసల్లో ఇంటర్మీడియట్ చదివే పిల్లలు, వెనక వారి తల్లిదండ్రులు కూర్చున్నారు. వెనకవారు సభను కాక ముందువారినే గమనిస్తున్నారన్న సంగతి వేదిక మీద నుంచి బాగానే తెలుస్తోంది. నన్ను మాట్లాడమన్న విషయం విద్యార్థుల ఒత్తిడి. ఒత్తిడి ఉందని మీకు నేను చెప్పనక్కర్లేదు. అంత బరువు మోస్తూ కూడా ఈ పిల్లలు రోజులో ఎక్కడెక్కడ ఊపిరి తీసుకుంటున్నారు, ఆ చోట్లను మనం తెలియకుండానే ఎలా మూసేస్తున్నాం అన్నదే నా ప్రసంగం. చాలా ఏళ్లు జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని కనుక నా ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే.

గాజువాక నుంచి నగరంలోకి వచ్చి ఎంపీసీ చదివే ఒక డే స్కాలర్ అమ్మాయి రోజును తీసుకోండి. తెల్లవారుజామున లేస్తుంది. మధ్యాహ్నానికొక బాక్సు, సాయంత్రానికొక బాక్సు సర్దుకుని, ఎన్ఏడీ జంక్షన్ రద్దీ మొదలవక ముందే బస్సెక్కుతుంది. కాలేజీలో అడుగుపెట్టగానే స్లిప్ టెస్టు. తర్వాత వరసగా క్లాసులు. ఆపైన స్టడీ అవర్స్. ఆదివారం వచ్చిందంటే వీకెండ్ ఎగ్జామ్, సోమవారానికి ఆ మార్కుల జాబితా నోటీసు బోర్డు మీదా, అమ్మానాన్నల ఫోన్లలోనూ ఒకేసారి ప్రత్యక్షం. రాత్రి ఇల్లు చేరాక 'ఈరోజు ఏం చదివావమ్మా' అని నాన్న అడిగితే ఆ పిల్లకు చిరాకు ఎందుకొస్తుందని తల్లులు నన్ను అడుగుతుంటారు. పొద్దుటి నుంచి ఆ ప్రశ్నకు ఆమె రాతపూర్వకంగా సమాధానం ఇస్తూనే ఉంది కదా!

ఈ బరువులో బయటివారికి కనిపించని భాగం ఒకటుంది. పాఠం ఒకటే అయినా దాన్ని మూడు రకాలుగా చదవాలి. బోర్డు పరీక్షకు నిర్వచనం, పటం, డెరివేషన్, ప్రమాణాలు అన్నీ వరస తప్పకుండా, దస్తూరి చెడకుండా రాయాలి. ఇంజనీరింగ్ ప్రవేశానికి రాసే ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు సుమారు 67 సెకన్లు. అక్కడ డెరివేషన్ మొదలుపెట్టినవాడు మునిగినట్టే. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలకు 300 మార్కులు. తప్పు జవాబు పెడితే ఒక మార్కు పోతుంది కాబట్టి తెలిసినదాన్ని కూడా రాయాలా వద్దా అని తేల్చుకోవడమే ఒక విద్య. భ్రమణ చలనం అనే ఒక్క పాఠాన్ని ఒకే వారంలో ఇన్ని తీరుల్లో చదవమన్నప్పుడు, తెలివైన పిల్లలు కూడా 'నాకు ఏదీ పూర్తిగా రాదు' అనే నిర్ణయానికి వస్తారు. చదవకపోవడం వల్ల వచ్చే దిగులుకు విరుగుడు చదవడమే. చదివినా కుదురుకోని దిగులుకు మరో గంట స్టడీ అవర్ పెట్టి మందు వేశామనుకోవడం మన పొరపాటు.

ఆ అదనపు గంట సాధారణంగా నిద్ర నుంచే వస్తుంది. 13 నుంచి 18 ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ నిద్ర వైద్యుల సంఘం 2016లో సూచించింది. పైగా ఈ వయసులో ఒంట్లో నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను ఊరడం ఆలస్యమవుతుంది. అందుకే రాత్రి పదింటికి నిద్ర రాదు, పొద్దున అయిదింటికి మెలకువ రాదు. దీన్ని బద్ధకమని తిట్టడం అన్యాయం. పగలు చదివినది నిద్రలోనే జ్ఞాపకంగా గట్టిపడుతుంది కాబట్టి, నిద్ర కోసి చదివించడం వల్ల చదువుకు కూడా లాభం లేదు. చదివే పద్ధతి మీద ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికి అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తు తెచ్చుకుని రాసినవారికి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. అంటే పుస్తకం తెరిచి కూర్చున్న గంటలను లెక్కపెట్టే మన అలవాటుకు అర్థం లేదు. ఇది తండ్రులకు కొంచెం కష్టమైన వార్త.

ఇక పిల్లలు ఊపిరి తీసుకునే చోట్లకు వద్దాం. ఉపాధ్యాయుడిగా నాకు వాటి ఆనవాళ్లు ఎక్కువగా దొరికింది రఫ్ నోట్సు చివరి పేజీల్లో. ముందు పేజీల్లో న్యూటన్ నియమాలుంటాయి. చివరి పేజీలో కొత్త పెన్ను రాస్తోందో లేదో చూసుకున్న సున్నాలు, బుక్ క్రికెట్ స్కోర్లు, నీలం ఇంకుతో దిద్ది దిద్ది లావు చేసిన ఒక హీరో పేరు, పక్కవాడి దస్తూరీలో 'ఆకలేస్తోంది రా', దాని కింద 'ఇంకా రెండు పీరియడ్లు' అనే జవాబు. ఓ మూలన, రాబోయే పరీక్షలో ఎన్ని మార్కులు వస్తే ఇంట్లో తిట్లు తప్పుతాయో వేసుకున్న కూడిక. ఆ పేజీ చూసినప్పుడు కోప్పడే హక్కు నాకుంది. వాడలేదు. రోజంతటిలో ఎవరూ దిద్దని, ఎవరూ మార్కులు వెయ్యని రాత అదొక్కటే మరి.

రెండోది బీచ్. ఈ ఊళ్లో పుట్టిన పిల్లలకు సముద్రం ఉచితంగా దొరికిన ఆస్తి. కురుసుర జలాంతర్గామినో, ఎదురుగా ఉన్న టీయూ-142 విమానాన్నో చూడడానికి పర్యాటకులు వస్తారు. మన పిల్లలు వచ్చేది మురీ మిక్చర్ కోసం. బండివాడు మురీలలో, అంటే మరమరాల్లో, ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, వేరుశనగ గుళ్లు వేసి, కారం చల్లి, నిమ్మకాయ పిండి, గిన్నెలో గరిటె టకటకలాడిస్తూ కలిపి పొట్లం కట్టి ఇస్తాడు. అది మెత్తబడేలోపు తినెయ్యాలి. కాబట్టి ఆ పది నిమిషాలూ నలుగురు స్నేహితులు గోడ మీద కూర్చుని వేరే పని పెట్టుకోలేరు. మాట్లాడుకుంటారు. ఏ సార్ ఎలా నడుస్తాడు, ఎవరు ఏ సెక్షన్‌కు మారారు, సప్లిమెంటరీ రాసిన అన్నయ్య ఇప్పుడేం చేస్తున్నాడు... భయాలన్నీ అక్కడే మాటల్లో బయటపడతాయి, తలా కాస్త పంచుకున్నాక తేలికవుతాయి. ఇంట్లో కూర్చోబెట్టి 'నీ సమస్య చెప్పు' అంటే ఏ పిల్లవాడూ చెప్పడు.

బస్సులో కిటికీ సీటు, వాన పడినప్పుడు ఆగిపోయిన క్లాసు, రికార్డు పూర్తయ్యాక దానికి అట్ట వేసుకోవడం, ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. ఒక్క గిరి ప్రదక్షిణ గురించి మాత్రం చెప్పాలి. ఆషాఢ పున్నమి ముందు రోజు సింహాచలం కొండ దిగువన తొలిపావంచా అనే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు రాత్రంతా నడిచి వచ్చిన పిల్లలు మర్నాడు క్లాసులో కునుకుతారు. ఆ రోజు స్లిప్ టెస్టులో మార్కులు తగ్గుతాయి, అది నిజమే. నాయనమ్మతో కలిసి, దారి పొడవునా ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగుతూ అంత దూరం నడిచానన్న గర్వం ఆ మొహాల్లో వారం రోజులు ఉంటుంది. ఏ ర్యాంకుకూ సంబంధం లేని గర్వం పదహారేళ్ల పిల్లలకు ఒకటైనా ఉండాలి.

ఇక్కడ నాకు ఒక అభ్యంతరం ఉంది. ఒత్తిడి అనే మాట ప్రచారంలోకి వచ్చాక కొన్ని కళాశాలలు షెడ్యూల్‌లోనే ధ్యానానికి ఇరవై నిమిషాలు, 'రిఫ్రెష్‌మెంట్'కు పావుగంట చేర్చాయి. ఉద్దేశం మంచిదే. ఆ పావుగంటకు కూడా హాజరు వేసి, వరసలో నిలబెట్టి, ఇన్‌చార్జి ఈల వేస్తే అది మరో పీరియడే అవుతుంది. ఇళ్లల్లోనూ ఇదే జరుగుతోంది; 'అరగంట ఆడుకో, ఆ తర్వాత కెమిస్ట్రీ' అని పెట్టిన అరగంటలో పిల్లవాడు ఆట కంటే గడియారాన్నే ఎక్కువ చూస్తాడు. చిన్న సంతోషాలను మనం ఏర్పాటు చేయనక్కర్లేదు, వాటికవే దొరుకుతాయి. బస్సు దిగి ఇంటికి రావడం ఇరవై నిమిషాలు ఆలస్యమైతే దానికి లెక్క అడగకపోవడం మన వంతు.

'మరి ఫోనూ చిన్న సంతోషమేనా?' అని మీలో కొందరు మనసులో అడుగుతున్నారు. నేను దాన్ని ఆ జాబితాలో చేర్చను. మురీ మిక్చర్ పొట్లం అయిపోతుంది, బుక్ క్రికెట్ ఆట బెల్లు కొడితే ఆగుతుంది. రీల్స్‌కు చివరంటూ ఉండదు, ఆగిపోవాల్సిన బాధ్యత అలసిపోయిన పిల్లవాడి మీదే పడుతుంది. అర్ధరాత్రి ఆ పని పెద్దవాళ్లకే చేతకావడం లేదు. అయితే లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేస్తే పోట్లాట మిగులుతుంది. రాత్రి పడుకునేటప్పుడు ఇంట్లో అందరి ఫోన్లూ, మీవి కూడా, హాల్లో ఒకే చోట ఛార్జింగ్‌కు పెట్టండి. ఈ నియమం నాన్నలు పాటించిన ఇళ్లల్లోనే నిలబడింది.

చివరిగా, చిన్న సంతోషాలతో తీరని పరిస్థితి గురించి. ఇష్టమైనవన్నీ వదిలేసి, స్నేహితులకు దూరమై, తిండీ నిద్రా రెండు వారాలకు పైగా గాడి తప్పిన పిల్లలకు బీచ్ షికారు వైద్యం కాదు. వారిని వైద్యుల దగ్గరకు తీసుకెళ్లాలి. విశాఖలో ఉంటూ నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు నిర్దేశించింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి. టెలి మానస్ వంటి మానసిక ఆరోగ్య సహాయ కేంద్రాల ఫోన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ ఉచిత సేవలో రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలూ, మీ నోట్సు చివరి పేజీలో ఆ సున్నాల పక్కన ఈ అంకెలు రాసి పెట్టుకోండి. తల్లిదండ్రులు ఈసారి కాలేజీకి ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు, కౌన్సెలర్ గది ఎక్కడో చూపించమని ఆఫీసులో అడగండి.

ప్రశ్నలకు సమయం ఉంది. ముందు వరసలవి ముందు తీసుకుందాం. వారు అడుగుతున్నంతసేపు వెనక వరసలవారు, దయచేసి, వారికి ప్రశ్నలు అందించకుండా ఉండండి.