లాకుల దగ్గర ఊరు

అందరికీ నమస్కారం. పెద్దలు చాలామంది వచ్చారు, సంతోషం.

దుగ్గిరాల చరిత్ర అనగానే ఎవరైనా పసుపు యార్డుతో మొదలుపెడతారు. నేను మన కాలువ మీది లాకుల దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే పసుపు యార్డు కన్నా ముందు మనకు కాలువ వచ్చింది. కాలువ కన్నా ముందు కరువు వచ్చింది.

1832-33, నందన నామ సంవత్సరం. దానికే డొక్కల కరువు అని పేరు. అప్పటి గుంటూరు జిల్లాలో 5 లక్షల జనాభా ఉంటే 2 లక్షల మంది దాకా పోయారని ఆనాటి లెక్కలు చెబుతున్నాయి. కృష్ణ మనకు ఆమడ దూరంలోనే పారుతోంది. నది పక్కనే ఉండి జనం తిండి లేక రాలిపోయారు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు గానీ ఆనకట్ట పని మొదలవలేదు. ఆర్థర్ కాటన్ ఆలోచన, కెప్టెన్ ఓర్ కట్టుబడి. 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఆ ఆనకట్టకు 1952లో గండి పడితే, 1957కి ప్రకాశం బ్యారేజీ కట్టుకున్నాం. సీతానగరం దగ్గర బయలుదేరిన పడమటి ప్రధాన కాలువ నేరుగా మన ఊరికి వచ్చి, ఇక్కడ చీలుతుంది. చీలినవాటిలో కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. అంటే ఇక్కడ పడవ ఎక్కినవాడు మద్రాసులో దిగొచ్చు. అటు ఏలూరు కాలువ పట్టుకుంటే కాకినాడ.

లాకు ఎలా పనిచేస్తుందో పిల్లల కోసం చెబుతాను. పై నీటిమట్టం ఒకటి, కింద మట్టం ఒకటి. మధ్యలో రెండు తలుపుల తొట్టి లాంటి కట్టడం. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు, నీళ్లు మెల్లగా వదులుతారు, పడవ కిందికి దిగాక ముందు తలుపు తీస్తారు. అదయ్యేదాకా పడవ ఆగాల్సిందే. నా ఉద్దేశంలో మన ఊరి వ్యాపార బుద్ధి అక్కడే పుట్టింది. ఆగిన పడవ దగ్గర బేరం నడుస్తుంది, వంట పొయ్యి వెలుగుతుంది, పై ఊళ్ల కబురు తెలుస్తుంది. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు రైలు దారి కలిసింది, తర్వాత లారీలొచ్చాయి, పడవలు పోయాయి. కాలువ మాత్రం నీళ్లు పంచుతూనే ఉంది.

ఇక పసుపు. దీని గురించి కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

మన ఊరి పేరుతోనే ఒక పసుపు రకం ఉంది. దీర్ఘకాలిక రకం, తొమ్మిది నెలల పంట. తొలకరి పడ్డాక విత్తనం పెడితే సంక్రాంతి దాటాకే తవ్వకం. నీళ్లు తక్కువైతే దుంప ఊరదు, ఎక్కువై నిలబడితే దుంపకుళ్లు వస్తుంది. కాలువ పక్కన ఉన్నంత మాత్రాన నీళ్లు పెట్టడం వచ్చినట్టు కాదు, అది నేర్చుకోవాల్సిన పని. తవ్వాక కొమ్ములు వేరు, కాయలు, అంటే గుండ్రటి తల్లి దుంపలు, వేరు చేసి, బానల్లో ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ముల్లో వేసి మెరుగు పట్టాలి. పచ్చి పసుపు 5 క్వింటాళ్లుంటే చివరికి చేతికొచ్చేది సుమారు 1 క్వింటా.

ఉడుకు చూడటం అన్నిటికన్నా కష్టం. మా నాయన బానలోంచి ఒక కొమ్ము తీసి చీపురుపుల్లతో గుచ్చేవాడు. పుల్ల ఇట్టే దిగితే బాన దించేయమనేవాడు. తక్కువ ఉడికితే కొమ్ము పుచ్చుతుంది, ఎక్కువైతే రంగు చెడుతుంది. ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి, పని సులువైంది, మంచిదే. ఆ పొగలో మా అమ్మ కళ్లు ఎంత ఎర్రబడేవో చూసినవాణ్ణి కనుక పాత పద్ధతే గొప్పదని నేను అనలేను.

ఇంత చేసి యార్డులో రాశి పోస్తే ధర చెప్పేది మనం కాదు. ఈ-నామ్, అంటే కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ మార్కెట్, వచ్చాక వేలం కంప్యూటర్ తెర మీదికి మారింది, కానీ రాశి పక్కన నిలబడ్డ రైతు టెన్షన్ మారలేదు. 2010లో పసుపు ధర ఎవరూ అనుకోనంత పైకి పోయింది. అది చూసి కౌలు పెంచారు, విత్తనం ధర పెరిగింది, అప్పు తెచ్చి మరీ వేశారు. రెండేళ్లు తిరిగేసరికి ధర కుప్పకూలింది. పెరిగిన కౌలు, తెచ్చిన అప్పు మాత్రం దిగలేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో పసుపు లేదు. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. మంచి పని. అయితే గట్టిగా అడుగుతున్నాను: ఆ బోర్డు మాట మన యార్డులో రాశి పక్కన కౌలు రైతుకు కూడా వినబడాలి. ఈ కాలువ తవ్వినప్పుడు ఏ చేనుకు ఎంత నీరు అందాలో ఆలోచించి తూములు పెట్టారు. ధర విషయంలో ఆపాటి ఆలోచన ఎందుకు ఉండకూడదు?

మన పక్కనే తుమ్మపూడి ఉంది. చిత్రకారుడు, తాత్వికుడు సంజీవదేవ్ గారి ఊరు. హిమాలయాలకు వెళ్లి రష్యన్ చిత్రకారుడు రోరిక్ దగ్గర ఉండి వచ్చిన మనిషి, తిరిగొచ్చి 1999లో కన్నుమూసేదాకా ఆ పల్లెలోనే బతికారు. దేశదేశాల ఉత్తరాలు తుమ్మపూడికి వచ్చేవి. మన పొలాల మధ్య కూర్చునే లోకంతో మాట్లాడారాయన. చిన్న ఊళ్లో ఏముందిలే అనే మాట ఎవరైనా అంటే నాకు ఆయనే గుర్తొస్తారు.

నేను చెప్పినవి పుస్తకాల్లో కొన్ని, ఇంట్లో విన్నవి కొన్ని. కొమ్మమూరు గట్టు మీద నడుస్తూ పడవ తాడు లాగినవాళ్ల కొడుకులు, మనవలు ఈ సభలో ఉన్నారని నాకు తెలుసు. బాన దగ్గర రాత్రంతా మంట పెట్టిన అమ్మలూ ఉన్నారు. ఆ వివరాలు ఎక్కడా రాసిపెట్టి లేవు. పిల్లలు నోటుపుస్తకాలు తెచ్చారు, రాసుకుంటారు. మైకు మీ దగ్గరికే పంపిస్తున్నాను. ముందు వరసలో ఉన్న పెద్దాయనతో మొదలుపెడదాం.