కారు నడపని మనిషికి ఏ నగరం? టెక్సాస్ మహానగరాలపై ఒక ప్రసంగం

సభకు నమస్కారం.

టెక్సాస్‌లో స్థిరపడిన మన ఇళ్లలో ఏటా జరిగేదే చెబుతాను. ఊరి నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండిపోదామని వస్తారు. మొదటి వారమంతా పండగే. రెండో వారం నుంచి కొడుకూ కోడలూ ఆఫీసులకు, మనవలు బడికి వెళ్లిపోతే ఆ పెద్దవాళ్లకు మిగిలేది టీవీ, కిటికీ. సొంత ఊళ్లో పొద్దున్నే పాల ప్యాకెట్ తెచ్చుకుని, గుడికి వెళ్లొచ్చి, పార్కు బల్ల మీద నలుగురితో కబుర్లు చెప్పుకున్న మనుషులు వాళ్లు. ఇక్కడ కొత్తిమీర కట్ట కావాలన్నా శనివారం దాకా ఆగాలి. చదువు కోసం వచ్చి ఇంకా కారు కొనలేని మన విద్యార్థులదీ దాదాపు ఇదే అవస్థ.

హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాలను పోల్చి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది వీళ్లే. నగర జీవనానికి నా కొలబద్ద ఒకటే. కారు నడపని మనిషి అక్కడ ఒక పూట ఎవరి సాయమూ లేకుండా హాయిగా గడపగలడా? ఆకాశహర్మ్యాల ఎత్తును కూడా ఈ ప్రశ్నతోనే చూస్తాను.

ముందు ఎత్తైన మేడల సంగతి. హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లోని 75 అంతస్తుల జేపీమోర్గన్ చేజ్ టవర్ 1982లో పూర్తయింది. ఐ. ఎం. పే రూపకల్పన, ఎత్తు 1,002 అడుగులు. మరుసటి ఏడాది 71 అంతస్తుల వెల్స్ ఫార్గో ప్లాజా లేచింది. డాలస్‌లో రాత్రిపూట అంచుల వెంట ఆకుపచ్చ దీపాలతో వెలిగే 72 అంతస్తుల బ్యాంక్ ఆఫ్ అమెరికా ప్లాజా 1985 నాటిది. ఈ మూడింటికీ మొదట్లో ఈ పేర్లు లేవు. వాటి మీద ఉన్నవి టెక్సాస్ కామర్స్, అలైడ్ బ్యాంక్, ఇంటర్‌ఫస్ట్ అనే స్థానిక బ్యాంకుల పేర్లు. చమురు డబ్బుతో, ఆ డబ్బు ఎప్పటికీ వస్తూనే ఉంటుందన్న నమ్మకంతో ఇచ్చిన అప్పులతో లేచిన మేడలవి. 1986లో చమురు ధర కుప్పకూలింది. ఆ దశాబ్దం గడిచేసరికి రాష్ట్రంలోని పది అతిపెద్ద బ్యాంకుల్లో తొమ్మిది దివాలా తీయడమో పరాయి చేతుల్లోకి పోవడమో జరిగింది. మేడలు నిలిచాయి, బోర్డులు మారాయి. హ్యూస్టన్‌లో హెల్ముట్ యాన్ గీసిన 1,400 అడుగుల బ్యాంకు భవనం కాగితం దాటి రాలేదు. డాలస్‌లో 1985 తర్వాత అంతకన్నా ఎత్తైనది నేటికీ రాలేదు.

ఆ మేడలన్నీ ఆఫీసులే. సాయంత్రం ఆరు దాటితే ఖాళీ. అందుకే ఆ డౌన్‌టౌన్లు ఎంత ఘనంగా కనిపించినా చాలాకాలం చీకటి పడ్డాక నిర్మానుష్యంగా ఉండేవి. ఆస్టిన్ కథ వేరు. 2004లో అక్కడ కొత్తగా వచ్చిన 515 అడుగుల ఫ్రాస్ట్ బ్యాంక్ టవర్ ఆ ఊళ్లో అన్నిటికన్నా ఎత్తైన భవనం. 2010లో 683 అడుగుల ఆస్టోనియన్, 2019లో 58 అంతస్తుల ఇండిపెండెంట్ వచ్చాయి. ఈ రెండూ నివాస భవనాలే. 2025 నాటికి 74 అంతస్తుల వాటర్‌లైన్ వెయ్యి అడుగులు దాటి, రాష్ట్రంలోకెల్లా ఎత్తైన భవనమన్న, నలభై ఏళ్లకు పైగా హ్యూస్టన్ దగ్గరే ఉన్న రికార్డును లాక్కుంది. ఇరవై ఏళ్లలో ఒక నగరపు స్కైలైన్ ఇంతగా మారడం అమెరికాలో అరుదు. పైగా ఈ మేడల్లో చాలా వాటిలో రాత్రిపూట మనుషులు నిద్రపోతారు, పొద్దున కుక్కను తీసుకుని కిందికి దిగుతారు. వాళ్లు దిగబట్టే కింద కాఫీ దుకాణం నడుస్తుంది.

ఆస్టిన్ స్కైలైన్ ఆకారం వెనుక ఒక చట్టం ఉంది. 1888లో ఎర్రరాతితో కట్టిన రాష్ట్ర క్యాపిటల్ భవనం నగరంలోని కొన్ని ఎంపిక చేసిన చోట్ల నుంచి, అంటే కొన్ని వంతెనల మీద నుంచి, పార్కుల నుంచి, రహదారుల నుంచి ఎప్పటికీ కనబడాలని 1983లో నియమం చేశారు. ఆ చూపు వెళ్లే దారిలోకి ఏ భవనమూ తల ఎత్తకూడదు. అందుకే అక్కడి మేడలు రథానికి దారి వదిలిన జనంలా ఇటూ అటూ గుంపులుగా నిలబడి ఉంటాయి. నలుగురూ ఒక భవనాన్ని చూడగలగడం కోసం కోట్ల డాలర్ల భూమి మీద ఎత్తును వదులుకున్న ఆ నిర్ణయం అంటే నాకు చాలా గౌరవం. మన హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న హద్దు, లేదు. నగరం పడమటి వైపు మేడలు ఆకాశాన్నంటుతున్నాయి. కానీ గోల్కొండ కోట ఎక్కడి నుంచి కనబడాలో చెప్పే ఇలాంటి నియమం కోసం మనం పట్టుబట్టలేదు.

అయితే ఆస్టిన్ మేడల దగ్గరికి వెళ్లి, తల పైకెత్తకుండా కళ్ల ఎదురుగా ఉన్నది చూడండి. చాలా వాటిలో కింది ఎనిమిది పది అంతస్తులు కార్లవే. జాలీ గోడ, దాని వెనక వరుసగా బంపర్లు. వీధిలో నడిచే మనిషికి తోడుగా ఉండాల్సిన ఎత్తులో ఒక్క కిటికీ ఉండదు. కొత్త కట్టడానికి ఇన్ని పార్కింగ్ స్థలాలు తప్పనిసరి అన్న నిబంధనను ఆస్టిన్ 2023 నవంబరులో నగరమంతటా రద్దు చేసింది. డౌన్‌టౌన్‌లో అది అంతకు ముందే పోయింది. అయినా అప్పిచ్చే బ్యాంకులు, ఇల్లు కొనేవాళ్లు పార్కింగ్ అడుగుతూనే ఉన్నారు, కాబట్టి ఆ అంతస్తులు వస్తూనే ఉన్నాయి. మంచి రైలు లేకుండా చట్టం ఒక్కటే మారిస్తే ఇలాగే ఉంటుంది. ఆస్టిన్‌కు ఉన్నది 2010లో లియాండర్ అనే శివారు ఊరి దాకా మొదలైన ఒక్క రైలు మార్గం. 2020 నవంబరులో ఓటర్లు భారీ రవాణా పథకానికి ఆమోదం ఇచ్చారు. ఖర్చులు పెరిగి, లైట్ రైలు తొలి దశను 2023లో పది మైళ్ల లోపుకు కుదించారు.

ఇప్పుడు హ్యూస్టన్. నేను ఎక్కువసేపు మాట్లాడదలచుకున్నది ఈ నగరం గురించే, ఎందుకంటే దీని గొప్పతనం ఫొటోల్లో పడదు. ఏ భూమిలో ఏం కట్టాలో నిర్దేశించే జోనింగ్ చట్టం లేని అతిపెద్ద అమెరికా నగరం ఇది. 1948లో, 1962లో, 1993లో మూడుసార్లు ఓటుకు పెడితే మూడుసార్లూ జనం వద్దన్నారు. అలాగని నియమాలే లేవనుకోవద్దు. ప్లాటు విస్తీర్ణం మీద, రోడ్డు నుంచి వదలాల్సిన జాగా మీద నిబంధనలు ఉన్నాయి. కాలనీల వారీగా దస్తావేజుల్లో రాసుకున్న షరతులనూ నగరమే అమలు చేయిస్తుంది.

1998లో హ్యూస్టన్ ఒక చిన్న మార్పు చేసింది. నగరం నడిబొడ్డును చుట్టే 610 లూపు అనే వలయ రహదారి లోపల ఒక ఇంటికి కావలసిన కనీస స్థలాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు తగ్గించింది. మన లెక్కలో చెబితే సుమారు 555 గజాల నుంచి 155 గజాలకు. 2013లో దీన్ని మిగతా నగరానికీ విస్తరించారు. ఫలితం చూడాలంటే డౌన్‌టౌన్‌కు పడమరనున్న రైస్ మిలిటరీ, కాటేజ్ గ్రోవ్ వీధుల్లో నడవండి. ఒకప్పుడు ఒక పాత చెక్క ఇల్లు, చుట్టూ గడ్డి ఉన్న స్థలంలో ఇప్పుడు మూడు నాలుగు ఇళ్లు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. కింద గ్యారేజీ, దాని మీద రెండు మూడు అంతస్తులు, పైన చిన్న డాబా. ఇవి పెద్ద బిల్డర్ల టవర్లు కావు. ఇలా కట్టిన ఇళ్లు వేలల్లో ఉన్నాయి. క్రేన్ లేకుండా, బ్రోచర్ లేకుండా, అంత చవకగా నగరం మధ్యలో ఇన్ని కుటుంబాలకు చోటిచ్చిన పెద్ద నగరం అమెరికాలో మరొకటి నాకు తెలిసి లేదు. వాటర్‌లైన్ లాంటి పది మేడల కన్నా ఈ 155 గజాల నిబంధనే టెక్సాస్ నగర జీవనానికి ఎక్కువ మేలు చేసిందని నా దృఢమైన అభిప్రాయం.

లోపాలూ చెప్పాలి. ఇంటికో గ్యారేజీ దారి అడ్డం రావడంతో ఆ వీధుల్లో కాలిబాట ముక్కలు ముక్కలవుతుంది. కొన్ని చోట్ల కాలిబాటే ఉండదు, కాలువ గట్టు మీద నడవాలి. విముక్తులైన బానిసలు సొంత చేతులతో ఇటుక వీధులు పరిచి కట్టుకున్న ఫ్రీడ్‌మెన్స్ టౌన్‌లో పాత ఇళ్లు కూలి కొత్త వరుసలు లేచాయి, పాత కుటుంబాలు చెదిరిపోయాయి. 2017 ఆగస్టులో హార్వీ తుపాను నగరాన్ని ముంచిన తర్వాత, ఏ ఇల్లు చూసినా వరద పటం చూడకుండా కొనకూడదని అందరికీ తెలిసొచ్చింది.

డౌన్‌టౌన్ కింద మరో విడ్డూరం ఉంది. వీధికి ఇరవై అడుగుల లోతున, దాదాపు ఆరు మైళ్ల పొడవున సొరంగ మార్గాలు భవనాలను కలుపుతాయి. పనిరోజు మధ్యాహ్నం దిగితే చల్లని ఏసీలో భోజనశాలలు, క్షౌరశాలలు, చెప్పులు కుట్టే దుకాణం, మెడలో గుర్తింపు కార్డులతో గుంపులు. అదే సమయానికి పైన వీధిలో ఎండ, బస్సు కోసం ఎదురుచూసే కొద్దిమంది. సాయంత్రం అయ్యేసరికి కిందా మూతే. వీధికి దక్కాల్సిన జనాన్ని సొరంగం లాగేసుకుంది. కానీ 2004 జనవరి 1న మొదలైన రెడ్ లైన్ రైలు డౌన్‌టౌన్‌ను మ్యూజియంలతో, హెర్మన్ పార్కుతో, ప్రపంచంలోకెల్లా పెద్దదైన టెక్సాస్ మెడికల్ సెంటర్‌తో కలుపుతుంది. ఆ మార్గం పక్కన ఉండే పెద్దావిడ కారు లేకుండా పార్కుకూ వెళ్లగలదు, డాక్టరు దగ్గరకూ వెళ్లగలదు. మన వాళ్లలో ఎక్కువ మంది మాత్రం కేటీ, షుగర్‌ల్యాండ్, పియర్‌ల్యాండ్ లాంటి శివారు ఊళ్లలో ఉంటారు. కేటీ ఫ్రీవేను 2008 నాటికి, సర్వీసు రోడ్లతో కలిపి, కొన్ని చోట్ల 26 వరుసల దాకా వెడల్పు చేశారు. కొన్నేళ్లకే ఆఫీసు వేళల్లో ప్రయాణం మళ్లీ నత్తనడకకు వచ్చింది.

డాలస్‌కు వద్దాం. అక్కడి ప్రజా రవాణా సంస్థ డార్ట్ నడిపే లైట్ రైలు 1996లో మొదలై 93 మైళ్లకు చేరింది. చాలా ఏళ్లు పొడవులో దేశంలోనే మొదటిదిగా ఉంది. మరి మనవాళ్లుండే శివారు ఊళ్లు ఫ్రిస్కో, మెకిన్నీ, అలెన్‌లకు అది ఎందుకు రాదు? కారణం అమ్మకం పన్ను. మీ బిల్లులో పడే 8.25 శాతంలో రాష్ట్రానిది 6.25. స్థానికంగా వేయగలిగేది గరిష్ఠంగా 2 శాతం. డార్ట్‌లో చేరాలంటే అందులో ఒక శాతం రైలుకు ఇవ్వాలి. ఈ ఊళ్లు ఆ డబ్బును కంపెనీలను రప్పించడానికి, ఇతర అభివృద్ధికి పెట్టుకున్నాయి. కంపెనీలు వచ్చాయి, ఇళ్ల ధరలు పెరిగాయి. అమ్మానాన్నలు ఇంట్లోనే ఉండిపోయారు. పన్ను గురించి ఇంత వివరంగా చెప్పడానికి కారణం, మీ రోజువారీ జీవితాన్ని ఏ మేడ కన్నా ఆ ఒక్క శాతమే ఎక్కువగా నిర్ణయించింది.

రైలు ఉన్న చోట కూడా చాలా స్టేషన్ల చుట్టూ ఉన్నది కార్లు నిలిపే మైదానమే. 2001లో ఇళ్లు, దుకాణాలు, సినిమా హాలుతో రూపుదిద్దుకున్న మాకింగ్‌బర్డ్ స్టేషన్ దీనికి మంచి మినహాయింపు. డాలస్ చేసిన ఉత్తమమైన పని నా దృష్టిలో క్లైడ్ వారెన్ పార్కు. డౌన్‌టౌన్‌ను, అప్‌టౌన్‌ను వేరుచేస్తూ లోతులో పారే ఫ్రీవే మీద కప్పు వేసి, ఐదెకరాల పార్కుగా 2012లో తెరిచారు. దాని చుట్టూ మేడలు వాటంతట అవే లేచాయి. నలుగురు కూర్చునే చోటు ముందొస్తే మేడలు వెనక వస్తాయని అక్కడ కళ్లారా చూడవచ్చు.

శాన్ ఆంటోనియో జనాభాలో రాష్ట్రంలో రెండోది, 2020 లెక్కల్లో 14 లక్షలు దాటింది. మేడల్లో మాత్రం వెనకబడింది. 2019లో ఫ్రాస్ట్ టవర్ వచ్చేదాకా చాలా ఏళ్లు డౌన్‌టౌన్‌లో కొత్త ఆఫీసు టవర్ లేదు. ఏటీ అండ్ టీ ప్రధాన కార్యాలయం 2008లో డాలస్‌కు తరలిపోయింది. కానీ 1921 వరద తర్వాత ఏటి వంపును పూడ్చేయాలన్న ఆలోచనను కాదని, దాన్ని నడకదారిగా మలిచిన ఊరు అది. వాస్తుశిల్పి రాబర్ట్ హగ్‌మన్ 1929లో ఇచ్చిన ప్రణాళిక పుణ్యమా అని వీధికి ఒక అంతస్తు కింద, చెట్ల నీడలో, నీటి పక్కన మైళ్ల కొద్దీ నడవవచ్చు. 2001లో మూతపడిన పెర్ల్ బీరు కర్మాగారం ఆవరణ ఇప్పుడు ఇళ్లతో, వారాంతపు సంతతో కళకళలాడుతోంది. టెక్సాస్‌లో నడకకు నాకు ఇష్టమైన చోటు ఇదే. రైలు మాత్రం లేదు. 2000లో ఓటర్లు తిరస్కరించారు.

ఫోర్ట్‌వర్త్‌ను ఒక్క మాటలో దాటేస్తున్నందుకు అక్కడి మిత్రులు క్షమించాలి. 2024 అంచనాల్లో ఆ ఊరు పది లక్షలు దాటి ఆస్టిన్‌ను మించిపోయింది. పెరుగుదల ఎక్కువగా అడ్డంగా, శివార్ల వైపే సాగుతోంది.

ఎవరైనా నన్ను పిల్లలతో, పెద్దవాళ్లతో ఎక్కడ ఉండమంటారని అడిగితే, వరద పటం చూసుకుని హ్యూస్టన్ లూపు లోపల, రెడ్ లైన్‌కు నడిచి వెళ్లగల దూరంలో అంటాను. జంటగా ఉండి ఆదాయం బాగుంటే ఆస్టిన్. అక్కడ మరో మంచి పని జరిగింది. 2023 డిసెంబరులో ఒకే ఇంటి ప్లాటులో మూడు ఇళ్ల దాకా అనుమతించారు. 2024 మేలో కనీస ప్లాటును 5,750 చదరపు అడుగుల నుంచి 1,800కు, అంటే సరిగ్గా 200 గజాలకు తగ్గించారు. మనకు బాగా తెలిసిన కొలత. అపార్ట్‌మెంట్లు పెద్ద ఎత్తున కట్టడం వల్ల 2022 తర్వాత అద్దెలు దిగివచ్చాయి.

2025లో రాష్ట్ర శాసనసభ రెండు చట్టాలు చేసింది. ఒకటి పెద్ద నగరాల్లో కొత్త లేఅవుట్లకు 3,000 చదరపు అడుగుల ప్లాటును కూడా అనుమతించమంటుంది. రెండోది వాణిజ్య స్థలాల్లో అపార్ట్‌మెంట్లు కట్టనివ్వమంటుంది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి రెండూ అమల్లో ఉన్నాయి. లక్షన్నర జనాభా దాటిన మన శివారు నగరాలకూ ఇవి వర్తిస్తాయి. కొన్ని చోట్ల కనీస అంతస్తుల సంఖ్య పెంచి, సాధారణ బిల్డరు కట్టలేని షరతులు పెట్టి తప్పించుకునే ప్రయత్నాలు మొదలయ్యాయి. వీటి మీద నగర కౌన్సిళ్లలో బహిరంగ విచారణలు జరుగుతాయి. ఎవరైనా వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది చిన్న ఇళ్లు వద్దనడానికి వస్తారు. ఈసారి మీరు వెళ్లండి. వీలైతే అమ్మానాన్నలను కూడా వెంట తీసుకెళ్లండి, వాళ్ల మాట మీరు అనువదించి చెప్పండి. మీ ప్రశ్నలు వినడానికి సిద్ధంగా ఉన్నాను.