ఊపిరి బిగబట్టి చేస్తే పిలాటిస్ ఏం చేస్తుంది పాపం

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున్నే టిఫిన్లు కూడా మానుకుని వచ్చారు కాబట్టి ముందు మిమ్మల్ని కాస్త కదిలిస్తాను. ఎవరూ లేవక్కర్లేదు, కుర్చీలోనే నిటారుగా కూర్చుని కుడికాలు నేల మీంచి రెండంగుళాలు లేపి అలాగే ఉంచండి. ఉంచండి ఉంచండి, అప్పుడే దించకండి. సరే దించేయండి. ఇప్పుడు నిజం చెప్పండి, ఎంతమంది ఊపిరి ఆపేశారు? చూశారా, సగం చేతులు లేచాయి, మిగతా సగంలో కొందరు మొహమాటపడుతున్నారు. పళ్ళు బిగించినవాళ్ళు? కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నవాళ్ళు? కాలు లేపమంటే మధ్యలో దవడకి ఏం పని చెప్పండి. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఈ దవడ గురించే అనుకోండి, అంటే కదిలేటప్పుడు మన ధ్యాస ఎక్కడుంది అన్నదాని గురించి.

నేను మ్యాట్ పిలాటిస్ నేర్పుతాను, అంటే నేల మీద మ్యాట్ పరుచుకుని, ఊపిరితో కలిపి నెమ్మదిగా చేసే వ్యాయామాలు. పొద్దున బ్యాచ్ అంతా గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసులవాళ్ళు, మధ్యాహ్నం బ్యాచ్ రిటైరైన ఆంటీలు, ఒకరిద్దరు అంకుల్స్, వాళ్ళు కూడా ఆంటీలు లాక్కొస్తే వచ్చినవాళ్ళే. కంప్లైంట్లు మాత్రం రెండు బ్యాచులకీ ఒకటే, నడుం నొప్పి, మెడ పట్టేయడం, రాత్రి నిద్ర పట్టకపోవడం. మొదటిరోజు అడిగే ప్రశ్న కూడా ఒకటే, "మేడం, ఎన్ని చెయ్యాలి?" ఎన్ని అనే అడుగుతారు గానీ ఎలా అని అడిగేవాళ్ళు బాగా తక్కువ, జిమ్‌లో లెక్కలు అలవాటైపోయి ఉంటాయి కదా, పదిహేను అయ్యాయా ఇరవై అయ్యాయా, ఫోన్ చూస్తూ పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ చేసినా లెక్క లెక్కే అన్నట్టు.

ఈ పద్ధతి కనిపెట్టిన మనిషికి మాత్రం ఆ లెక్క నచ్చేది కాదు. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు, చిన్నప్పుడు ఆస్తమా, ఎముకలు మెత్తబడే రికెట్స్ అన్నీ ఉన్న పీలపిల్లాడు, ఒళ్ళు బాగుచేసుకోవాలన్న కసితో జిమ్నాస్టిక్స్, బాక్సింగ్ ఏది దొరికితే అది నేర్చుకుంటూ పెరిగాడు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఇంగ్లండ్‌లో ఉన్నాడు, జర్మన్ కాబట్టి శత్రుదేశంవాడని బ్రిటిష్‌వాళ్ళు పట్టుకుని ఐల్ ఆఫ్ మాన్ క్యాంపులో పెట్టారు. అక్కడ మంచాలకి స్ప్రింగులు కట్టి రోగులతో వ్యాయామం చేయించాడని ఒక కథ తిరుగుతూ ఉంటుంది, దాన్ని కథగానే వినండి. 1926లో అమెరికా వెళ్ళి న్యూయార్క్‌లో ఎయిత్ అవెన్యూ మీద స్టూడియో పెట్టాడు, అక్కడికి ఎక్కువగా డాన్సర్లు దెబ్బలు తగిలించుకుని వచ్చేవాళ్ళు. ఆయన దీనికి పెట్టుకున్న పేరు కంట్రాలజీ, తన పేరు అతుక్కోవడం తర్వాతి సంగతి. 1945లో రాసిన పుస్తకంలో 34 మ్యాట్ వ్యాయామాలు చూపించి, చేస్తున్నంతసేపూ మనసంతా ఆ వ్యాయామం ఎందుకు చేస్తున్నామో దాని మీదే ఉండాలని రాశాడు. అంటే ధ్యాస అనేది ఈమధ్య స్టూడియోలవాళ్ళు క్యాండిల్స్ వెలిగించి, వేణువు మ్యూజిక్ పెట్టి పైన కలిపిన మసాలా కాదు, మొదట్నించీ అందులో ఉన్నదే, మనమే మధ్యలో ఎక్కడో వదిలేశాం.

ఇక్కడ ఒక మాట. 2000లో న్యూయార్క్ కోర్టు పిలాటిస్ అన్న పేరు ఎవరి సొత్తూ కాదని తేల్చేసింది, దాంతో ఆ పేరు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. మంచిదే, కాకపోతే బోర్డు చూసి లోపల ఏం నేర్పుతున్నారో చెప్పలేం. మీరు చేరబోయే చోట ఒక క్లాసు ఊరికే చూడండి, టీచర్ ఎంతసేపూ "ఇంకొకటి, ఇంకొకటి" అని అరవడమేనా, మధ్యలో ఎక్కడైనా ఆగి "ఇప్పుడు ఎక్కడ తెలుస్తోంది మీకు?" అని అడుగుతున్నారా చూసుకోండి.

ఈ ధ్యాసకే ఇప్పుడు అందరూ వాడుతున్న పేరు మైండ్‌ఫుల్‌నెస్, ఇక దాని సంగతి. ఇప్పుడు మనం యాపుల్లో వింటున్న రూపం చాలావరకు 1979లో జాన్ కబాట్‌జిన్ అనే ఆయన అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్లో మొదలుపెట్టింది. ఎనిమిది వారాల కోర్సు, ఎన్ని మందులు వాడినా నొప్పి తగ్గని పేషెంట్లని ఆయన దగ్గరికి పంపేవాళ్ళు. ఆయన తీసుకున్నది బౌద్ధధ్యానం నుంచీ, యోగా నుంచీ. నాగార్జునకొండ, అమరావతి ఉన్న నేల మీద పుట్టిన మనకి ఇది విదేశీ సరుకేం కాదు, గోయెంకాగారి విపస్సన ధ్యానం సెంటర్ మన హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద 1976 నుంచీ ఉంది, మీలో కూడా ఎవరైనా పదిరోజులు మౌనంగా కూర్చుని వచ్చినవాళ్ళు ఉండొచ్చు. పిలాటిస్‌కి అంత అక్కర్లేదు. జరుగుతున్నదాన్ని జరుగుతున్నట్టు గమనించడం, వెంటనే మంచీ చెడూ తీర్పు చెప్పకపోవడం, మాకు ఆ రెండూ చాలు.

చెప్పినంత తేలిక కాదనుకోండి. హండ్రెడ్ అని ఒక వ్యాయామం ఉంది, అందరికీ దాని పేరంటేనే హడల్. వెల్లకిలా పడుకుని, తలా భుజాలూ కొద్దిగా లేపి, కాళ్ళు ముందుకి చాపి, చేతులు ఒంటి పక్కనే కిందికీ పైకీ చిన్నగా కొడుతూ ఉండాలి, ఐదు కొట్లకి ఊపిరి లోపలికి, ఐదు కొట్లకి బయటికి, అలా పదిసార్లు, మొత్తం వంద. చాలామంది ఏం చేస్తారంటే ముప్ఫై దాటేసరికి మెడ రాయిలా అయిపోతుంది, నలభైకి ఊపిరి లెక్క తప్పుతుంది, అరవై నుంచీ ఇంక దేవుడి మీద భారం వేసి వంద ఎప్పుడవుతుందా అని ఒకటే పరుగు. వంద అయితే అయ్యాయి, పొట్ట కండరాలకి చేరాల్సిన పని సగం మెడ మింగేసింది.

అదే మనిషితో నేను ఇంకోలా చేయిస్తాను. మొదటి పది కొట్లలో ధ్యాస మెడ వెనక మాత్రమే, ఇంకెక్కడా వద్దు. రెండో పదిలో ఊపిరి వదిలేటప్పుడు డొక్కలు లోపలికి దగ్గరవుతున్నాయా లేదా, అంతే. మూడో పదిలో పొట్ట చూసుకోవాలి, మధ్యలో గీత గీసినట్టు పైకి ఉబుకుతోందా, చదునుగా ఉందా. ఉబికితే మోకాళ్ళు మడిచేయడమే, లేదా తల కింద పెట్టేయడమే, అక్కడ ఎవరూ మార్కులు వెయ్యట్లేదు. ఇలా చేస్తే చాలామంది యాభై దగ్గరే ఆగిపోతారు, కానీ ఆ యాభైకే పొట్టలో వెచ్చగా తెలుస్తుంది, మెడ మాత్రం ఖాళీగా ఉంటుంది. నన్నడిగితే ఆ యాభై ఆ వంద కంటే ఎక్కువ.

ఇంకోటి రోల్ అప్. పడుకున్న దగ్గర్నించి వెన్నుపూసలు ఒక్కొక్కటిగా మ్యాట్ మీంచి వదిలించుకుంటూ లేచి కూర్చోవడం. ఇందులో దాదాపు అందరికీ ఇరుక్కునే చోటు ఒకటి ఉంటుంది, పక్కటెముకలు అయిపోయి నడుము మొదలయ్యే దగ్గర. అక్కడికి రాగానే చేతులు విసిరేసి, కాళ్ళు ఎగరేసి ఒక్క ఊపుతో లేచిపోతారు, ఏ చోట పని జరగాలో సరిగ్గా ఆ చోటుని ఎగిరి దాటేస్తారన్నమాట. మధ్యాహ్నం బ్యాచ్‌లో ఒక ఆంటీ ఉన్నారు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు, ఏం అడిగినా "బానే ఉంది మేడం" అనేవారు. "ఆంటీ, లేవొద్దు, దిగడమే చెయ్యండి, కూర్చున్న దగ్గర్నించి నెమ్మదిగా వెనక్కి, ఎక్కడ జారిపోతున్నారో నాకు చెప్పండి" అన్నాను. నాలుగైదుసార్లు దిగాక ఆవిడే అన్నారు, "నడుము దగ్గర ముక్కలు ముక్కలుగా రావట్లేదు మేడం, ఒకటే పలకలా దబ్బున పడుతోంది" అని. బానే ఉంది అన్న మనిషి నోట్లోంచి అంత వివరంగా రావడమే అసలు విషయం, ఇంక నేను చెప్పాల్సింది ఏమీ లేదు, తర్వాతిసారి ఆ పలక దగ్గరికి రాగానే ఆవిడే ఆగి, ఊపిరి వదిలి, మోకాళ్ళు కొంచెం మడిచి దిగారు.

అయితే ధ్యాస పెట్టమన్నాను కదా అని ప్రతి కండరాన్నీ పేరుపెట్టి పిలుస్తూ కూర్చోకండి, అది ఇంకో రోగం. 1996లో ఆస్ట్రేలియాలో హాడ్జెస్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు చేసిన పరిశోధనలో నడుం నొప్పి ఉన్నవాళ్ళలో పొట్ట లోపలిపొర కండరం కాస్త ఆలస్యంగా పనిలోకి దిగుతోందని తేలింది. చిన్న విషయం, జాగ్రత్తగా చెప్పిన విషయం. అది చేతులు మారీ మారీ "నాభిని వెన్నుకి లాగి పట్టుకోండి" అనే మంత్రం అయిపోయింది, కొంతమంది కూరగాయలు కొనేటప్పుడు కూడా పొట్ట లాగి పట్టుకుని తిరుగుతున్నారు, ఊపిరి ఆడదు, నడుము ఇంకా బిగుసుకుంటుంది. గాబ్రియేల్ వుల్ఫ్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనలు కూడా ఇక్కడ పనికొస్తాయి, కదిలేటప్పుడు మనసు ఒంటి లోపలి భాగాల మీద కంటే బయటి గురి మీద ఉంటే కదలిక సాఫీగా వస్తుందని. అందుకే నేను నెమ్మదిగా చేసేటప్పుడు లోపల గమనించమంటాను, అసలు కదలిక మొదలయ్యాక "మడమతో ఎదుటి గోడని నెట్టండి" లాంటిదేదో చెప్పి వాళ్ళని వాళ్ళ మానాన వదిలేస్తాను. గమనించడం ఎక్కువైతే మనిషి కొయ్యబారిపోతాడు, నేను రోజూ చూస్తున్నదే.

తీర్పు చెప్పొద్దు అన్నాను కదా, అది మనవాళ్ళకి మరీ కష్టం. కాలు వణికితే చాలు లోపల రన్నింగ్ కామెంటరీ మొదలు, నాకు చేతకాదు, డెలివరీ తర్వాత నా ఒళ్ళు పాడైపోయింది, పక్కన ఆ అమ్మాయి చూడు ఎలా చేస్తోందో. వణుకుతోంది అన్నది సమాచారం, దాంతో ఏదైనా చెయ్యొచ్చు, పడుకుని చేసేటప్పుడైతే కాలు ఇంకాస్త పైకి లేపి తేలిక చేసుకోవచ్చు, ఆగొచ్చు. చేతకాదు అన్నదానితో ఏమీ చెయ్యలేం, క్లాసు మానెయ్యడం తప్ప. అందుకే మా క్లాసులో అద్దాలు పెట్టలేదు, ఫోన్లు చెప్పుల స్టాండ్ దగ్గరే ఆగిపోతాయి, రీల్ తీసుకుంటామని ఒకరిద్దరు అలిగారు, అలగనివ్వండి.

ఇదంతా సైన్స్‌లో నిలబడుతుందా అని సాఫ్ట్‌వేర్‌వాళ్ళు అడుగుతారు, అడగాలి కూడా. వైద్య పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ అనే సంస్థ 2015 సమీక్షలో పది ట్రయల్స్, 510 మందిని చూశారు, నడుం నొప్పికి ఏమీ చెయ్యకుండా ఉండటం కంటే పిలాటిస్ మేలు, కానీ మిగతా వ్యాయామాల కంటే గొప్పదని గట్టి ఆధారం లేదు అన్నారు. నా పొట్టకూటికి ఇబ్బందైనా ఉన్నమాట ఇదే. 2016లో అమెరికాలో 342 మంది పాత నడుం నొప్పివాళ్ళని గుంపులుగా చేసి, ఒక గుంపుకి మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు ఇచ్చి చూశారు, ఆరునెలలకి ఆ కోర్సు చేసినవాళ్ళలో రోజువారీ పనులు చెప్పుకోదగ్గంత తేలికైనవాళ్ళు 60.5 శాతం, మామూలు వైద్యమే తీసుకున్నవాళ్ళలో 44.1 శాతం. ఇక పిలాటిస్, చైనావాళ్ళ తైచీ లాంటి క్లాసులు తీసుకున్న అమెరికన్ కాలేజీ పిల్లల మీద 2010లో వచ్చిన స్టడీలో, సెమిస్టర్ అయ్యేసరికి ఎవరి ఎరుక, అంటే మైండ్‌ఫుల్‌నెస్ స్కోరు పెరిగిందో వాళ్ళ మూడ్ మెరుగు, స్ట్రెస్ తక్కువ అని కనిపించింది. దీనివల్లే అది అని అంత మాత్రానికే తేల్చలేం, కాకపోతే నేను మ్యాట్ మీద చూసేదానికి దగ్గరగా ఉంది.

మ్యాట్ బయట ఇది ఎలా పనికొస్తుందంటే, పెద్ద జ్ఞానోదయాలేం జరగవు. పొద్దున బ్యాచ్ అబ్బాయి ఒకతను చెప్పాడు, క్లయింట్ కాల్‌లో మ్యూట్‌లో ఉన్నప్పుడు భుజాలు చెవులదాకా వచ్చేస్తున్నాయని తనకే తెలిసిందట, ఊపిరి వదిలి దించాడట. ఇంతకుముందు అదే భుజాలతో సాయంత్రం దాకా కూర్చుని మెడకి స్ప్రే కొట్టుకునేవాడు. నిద్ర పట్టనివాళ్ళకి నేను చెప్పేది కూడా అంతే, పడుకుని మడమల నుంచి మొదలుపెట్టి ఒక్కో చోటు పరుపుకి ఎంత బరువు ఇస్తోందో చూసుకుంటూ పైకి రండి, బయటికి వదిలే ఊపిరి లోపలికి తీసుకునేదానికంటే కాస్త పొడుగ్గా ఉండనివ్వండి, మోకాళ్ళు దాటకుండానే నిద్రపోయేవాళ్ళు ఉన్నారు. నొప్పి విషయంలోనూ అంతే, నొప్పి ఒక వంతైతే అది వస్తుందేమోనన్న భయంతో ఒళ్ళంతా బిగించుకోవడం ఇంకో వంతు, ఆ రెండో వంతు తగ్గించుకోవడం మన చేతుల్లో కొంత ఉంది.

కొంతే ఉంది, ఇది మాత్రం గట్టిగా వినండి. నొప్పి కాల్లోకి లాగుతూ పాదం బలహీనపడుతున్నా, కూర్చునే చోట తిమ్మిరిగా ఉన్నా, మూత్రం పట్టు తప్పినా ఊపిరి గమనించుకుంటూ కూర్చోవద్దు, ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అలాగే ఎముకలు గుల్లబారాయని రిపోర్టు వచ్చిన ఆంటీలు నేను ఇందాక చెప్పిన రోల్ అప్ ఎంత ధ్యాసతో చేసినా సరే చెయ్యకండి. అమెరికాలో మేయో క్లినిక్ అనే ఆస్పత్రివాళ్ళు 1984లోనే చూపించారు, అలాంటి ఆడవాళ్ళలో ముందుకి వంగే వ్యాయామాలు చేసినవాళ్ళకి 89 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు నొక్కుకుపోయాయి, వెన్ను వెనక్కి సాచే వ్యాయామాలు చేసినవాళ్ళలో 16 శాతమే. చిన్న స్టడీయే, అయినా ఆ తేడా చూశాక నేనైతే ఎవరితోనూ రిస్క్ తీసుకోను. వాళ్ళకి బోర్లా పడుకుని చేసేవి, నిలబడి చేసేవి బోలెడున్నాయి.

సరే, నా మాటలు ఇంతే. వెనక మ్యాట్లు ఉన్నాయి, మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు కుర్చీల్లోనే ఉండొచ్చు, ఓ పది నిమిషాలు ఊపిరి ఒక్కటే చేద్దాం, హండ్రెడ్ ఇవాళ లేదు కాబట్టి ఎవరూ కంగారుపడకండి. ఈలోపు ప్రశ్నలుంటే అడగండి, పొట్ట ఎన్ని రోజుల్లో తగ్గుతుంది అన్నది తప్ప.